పసుపు గుడ్డ మీద ఎర్ర చుక్క

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. నాకు 28 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం, మాదాపూర్‌లో ఉద్యోగం. పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ల తేడా) ఉంది. గడ్డం మీద, దవడ కింద ఓ యాభై అరవై ముదురు వెంట్రుకలు వస్తాయి. వారం వారం మా వీధి పార్లర్‌లో థ్రెడింగ్ చేయించుకుంటున్నాను. నాలుగో రోజుకే చేతికి గరుగ్గా తగులుతాయి. ఎలక్ట్రాలసిస్ (సన్నని సూదితో వెంట్రుక కుదుట్లోకి కరెంటు పంపడం) చేయిస్తే మళ్లీ రావని విన్నాను గానీ, క్లినిక్‌లో సిట్టింగుల ఖర్చు లెక్కేసుకుంటే భయమేసింది. సెకండ్ హ్యాండ్‌లో రెండు మిషన్లు దొరుకుతున్నాయి. ఒకటి పెన్నులా ఉండే బ్యాటరీది, 2,500 రూపాయలు. రెండోది బల్ల మీద పెట్టుకునేది, కాలి పెడల్‌తో సహా అమెరికా నుంచి తెచ్చారట, 18,000 అంటున్నారు. ‘రెండుసార్లే వాడాం, మిగిలిన సూదులు ఫ్రీగా ఇస్తాం’ అన్నారు. నాలుగు నెలల్లో పెళ్లిచూపులంటోంది అమ్మ. ఏది కొనమంటారు? నాకు నేనే చేసుకోగలనా?

– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మా రెండో అమ్మాయి కంటే చిన్నదానివి, నువ్వు అనే అంటాను, ఏమనుకోకు. నారాయణగూడలో మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని 24 ఏళ్లు ఈ సూదితోనే బతికాను. చూపు మందగించాక మానేశాను. కాబట్టి నాకు ఇప్పుడు అమ్ముకునే మిషనూ లేదు, పిలుచుకునే క్లినిక్కూ లేదు. ఉన్నదున్నట్టు చెప్తాను.

ముందు ఆ 18,000 మిషన్ మాట వదిలెయ్. పెడల్ ఉందంటే అది బహుశా హై ఫ్రీక్వెన్సీ కరెంటుతో వేడి పుట్టించి కుదురును మాడ్చేది. థర్మాలిసిస్ అంటారు. సెకనులో చిన్న ముక్కలో పని అయిపోతుంది. నేర్చిన చేతిలో అదే దాని గొప్ప. కొత్త చేతిలో అదే దాని ముప్పు. సూది కాస్త పైపైన ఉండగా పెడల్ మీద కాలు పడిందంటే చర్మం అక్కడికక్కడే తెల్లగా ఉడుకుతుంది, తర్వాత పొక్కు కడుతుంది. మన రంగు చర్మానికి ఆ మచ్చ గోధుమ రంగులోకి తిరిగి నెలల తరబడి ఉండిపోతుంది. పైగా అమెరికా మిషన్ అంటే 120 వోల్టులది. మన ప్లగ్గులో 230. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెడతామంటారు. ఎవరు విప్పి ఎవరు బిగించారో తెలియని పాత పెట్టె. దాని ఒక కొస గోడలో, ఇంకో కొస నీ మొహంలో. వద్దమ్మా. ఇంట్లో వాడేదానికి గోడ కరెంటుతో సంబంధం ఉండకూడదు. ఇందులో బేరాల్లేవు.

ఇక పెన్ను. దీన్ని బొమ్మ అనుకోకు, పద్ధతి మాత్రం అసలైనదే. అమెరికాలో సెయింట్ లూయిస్ ఊళ్లో చార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టరు, లోపలికి తిరిగి కనుగుడ్డును గీరే రెప్ప వెంట్రుకల్ని సన్నని తీగతో, బ్యాటరీ కరెంటుతో తీసేసి 1875లో ఆ సంగతి రాశాడు. నీ పెన్ను చేసేదీ అదే. వెంట్రుక కుదురులో తడి ఉంటుంది, ఉప్పు ఉంటుంది. సూది నుంచి నెగెటివ్ కరెంటు వెళ్తే ఆ ఉప్పునీరు విడిపోయి అక్కడే రవ్వంత కాస్టిక్ సోడా తయారవుతుంది. వెంట్రుకను పుట్టించే కణాల్ని తినేసేది అదే. కరెంటు ఊరికే తోడు.

అందుకే సూది వైపు నెగెటివే ఉండాలి. ఇది నాకు ఎంత బాగా తెలుసంటే, నా ఎడమ కాలి పిక్క పక్కన మూడు నల్ల చుక్కలున్నాయి. 1996లో నా మొదటి మిషన్ కూడా సెకండ్ హ్యాండే. దుబాయ్ వెళ్లిపోతూ ఒకావిడ అమ్మింది. హ్యాండ్‌పీస్ వైరు తెగి ఉంటే ఒక రిపేరు కుర్రాడితో అతికించుకున్నాను. రెండు తీగలూ ఒకే రంగు. వాడు అటుది ఇటు, ఇటుది అటు కలిపేశాడు. నేను చూసుకోలేదు. నయం, ముందు నా కాలి మీదే పెట్టి చూశాను. మూడు వెంట్రుకలయ్యాక సూది తీస్తే కొస గరుకుగా, నల్లగా ఉంది. సూది పాజిటివ్ అయితే దాని ఉక్కే కరిగి, ఆ ఇనుము చర్మంలో దిగబడుతుంది. పచ్చబొట్టే. ఇన్నేళ్లయినా పోలేదు. పెన్ను గుచ్చుకుందా అమ్మమ్మా అని అడుగుతుంది మా మనవరాలు. అవే చుక్కలు నీ గడ్డం మీద ఊహించుకో.

ఆ రోజు నుంచి ఏ పాత మిషన్ వచ్చినా నా పరీక్ష ఒకటే. పారాణి పరీక్ష. తెల్ల నూలుగుడ్డ రెండు వేళ్ల వెడల్పు ముక్క తీసుకో. నాలుగు చెంచాల నీళ్లలో చిటికెడు పసుపు, రెండు చిటికెల ఉప్పు కలిపి గుడ్డ ముంచి పిండెయ్. స్టీలు పళ్లెం వద్దు, ప్లాస్టిక్ మూత మీద పరుచు. కరెంటు చుట్టు పూర్తవడానికి చేత్తో పట్టుకునే లోహపు కడ్డీ ఒకటి ఉంటుంది, దాన్ని గుడ్డకు ఒక చివర ఆనించు. కొన్ని పెన్నుల్లో పట్టుకునే చోట ఉండే పట్టీయే ఆ కడ్డీ పని చేస్తుంది, అప్పుడు గుడ్డను పొడుగ్గా కత్తిరించి ఒక చివర ఆ పట్టీకి తగిలించాలి. రెండో చివర సూది మొనను తాకించి స్విచ్ వేసి, ముప్పై లెక్కపెట్టు. మొన కింద కుంకుమ రవ్వంత ఎర్ర చుక్క లేచిందా, నెగెటివ్ సరిగ్గా ఉంది. పసుపులో సున్నం కలిస్తే పారాణి ఎందుకు ఎర్రబడుతుందో ఇదీ అందుకే, సున్నమూ సూది దగ్గర పుట్టిన కాస్టిక్ సోడా, రెండూ క్షారాలే. ఎరుపు కడ్డీ వైపు వచ్చిందంటే తీగలు తారుమారయ్యాయి, దాన్ని అక్కడే వదిలేసి వచ్చెయ్. ఎక్కడా రాలేదంటే కొత్త బ్యాటరీ వేసి ఇంకోసారి చూడు. అమ్మేవాళ్ల ఇంట్లోనే చెయ్యి ఇదంతా. పసుపూ ఉప్పూ లేని ఇల్లుండదు. మొహమాటపడకు, 2,500 నీవి.

బ్యాటరీ గూడు మూత తీసి చూడు. స్ప్రింగుల మీద పచ్చగానో తెల్లగానో పొడి పేరుకుని ఉంటే ఏళ్ల తరబడి బ్యాటరీ లోపలే ఉండి కారిందన్నమాట. ‘రెండుసార్లే వాడాం’ అనే మాట నిజమే కావచ్చు, వాడకపోవడమే దాన్ని పాడుచేసి ఉంటుంది. కరెంటు పెంచే చక్రాన్ని మెల్లగా తిప్పు. మీ ఇంట్లో ఎవరికైనా కరెంటు కొలిచే మల్టీమీటర్ ఉంటే దాన్ని ఆ గుడ్డ దారిలోనే మధ్యలో కలిపి చూడమను. అంకె నెమ్మదిగా ఎక్కాలి. ఒక్కసారి గెంతిందంటే లోపలి కంట్రోల్ అరిగిపోయింది. అలాంటిది చర్మంలో తేలు కుట్టినట్టు చురుక్కుమంటుంది.

ఫ్రీగా ఇస్తానన్న సూదులు? చేత్తో కూడా ముట్టకు. ఒకసారి ఒకరి కుదుట్లోకి వెళ్లిన సూది వాళ్ల రక్తాన్ని చూసినట్టే. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి, ఏది ఎవరి దగ్గర నుంచి వస్తుందో మొహం చూసి చెప్పలేం. స్పిరిట్‌తో తుడిచాం, మరిగించాం అంటారు. తుడిస్తే చాలదు, మరిగిస్తే కూడా పూర్తిగా నమ్మకం లేదు. విడివిడిగా సీలు వేసి, స్టెరైల్ అని, గడువు తేదీతో వచ్చేవి కొత్తవి కొనుక్కో. ప్యాకెట్ మీద అంకె ఉంటుంది. 2 అంటే అంగుళంలో వెయ్యింట రెండు వంతుల మందం, 3 అంటే మూడు వంతులు. నీ వెంట్రుక ఎంత మందమో సూది దాదాపు అంతే ఉండాలి. సూది మడమలు, అంటే పెన్నులో బిగించే లావు చివరలు, రెండు రకాలు, ఎఫ్ అనీ కె అనీ. నీ పెన్ను మూతికి ఏది పడుతుందో కొనేముందే చూసుకో, లేదంటే వాటికోసం మళ్లీ తిరగాలి. కొన్ని ఇంటి పెన్నుల్లో సొంత సూదే ఉంటుంది, బయటిది పట్టదు. వాటికి కొత్త సూది దొరక్కపోతే ఆ పెన్నుతో నీకు పని లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మిషన్ ఈ పనిలో సగం కూడా కాదు. పనంతా సూది దించడంలోనే ఉంది. గుచ్చడం కాదు, దించడం. వెంట్రుక ఏ వాలున బయటికి వచ్చిందో అదే వాలున, దాని పక్కనే ఉన్న రంధ్రంలోకి సూది జారాలి. గాజుల సైజు సరిగ్గా ఉన్నప్పుడు చేతికెలా జారతాయో అలా. అడ్డం తగిలినా, నొప్పి పుట్టినా, రక్తపు చుక్క కనబడినా దారి తప్పినట్టే. వెనక్కి తీసెయ్. కరెంటు వెళ్లాక ప్లక్కర్‌తో పట్టుకుంటే వెంట్రుక వెన్నలోంచి వచ్చినట్టు రావాలి. లాగాల్సి వచ్చిందంటే పని కాలేదు, ఊరికే పీకావు, మళ్లీ వస్తుంది.

లెక్క కూడా చెప్తాను. పది వంతుల్లో ఒక వంతు మిల్లీ యాంపియర్‌ను ఒక సెకను ఇస్తే మా భాషలో ఒక యూనిట్. ముదురు వెంట్రుకకు అరవై యూనిట్ల దాకా పడుతుంది. ఇంటి పెన్ను తక్కువలో పెట్టుకుంటే నిమిషం, కాస్త పెంచుకుంటే ఇరవై సెకన్లు. దించడానికి పట్టే టైం వేరే. కొత్తలో గంటకు పాతిక వెంట్రుకలైతే గొప్ప. ఒకదాని పక్కనే ఇంకోటి వరసగా చెయ్యకు, చర్మం ఉబ్బిపోతుంది. ఎడం వదిలి చెయ్యి.

గడ్డం మీద మొదలుపెట్టకు. అద్దంలో ఎడమ కుడి అవుతుంది, చేయి ఎటో పోతుంది. నాకే అద్దంలో చూసుకుని నా గడ్డం చేసుకోవడం సరిగ్గా చేతకాలేదు, 24 ఏళ్ల అనుభవం పెట్టుకుని. ముందు మోకాలి కింద నెల రోజులు నేర్చుకో. తలకు పెట్టుకునే భూతద్దం, తెల్లని లైటు, రెండూ కావాలి. అక్కడ చేయి కుదిరాక, పుండ్లు కట్టకుండా మానుతున్నాయని చూసుకున్నాక గడ్డానికి రా. చిన్న ఎర్రదనం, ఆవగింజంత పొక్కు మామూలే, గిల్లకు.

థ్రెడింగ్ ఈ రోజు నుంచే మానెయ్. కుదుట్లో వెంట్రుకే లేకపోతే సూదికి దారి చూపేదెవరు? మధ్యలో కత్తెరతో కత్తిరించుకో, లేదా గీసుకో. గీస్తే ముదురుతాయన్నది పిన్నమ్మల మాట, ముదరవు.

నాలుగు నెలల సంగతి: కాదు. వెంట్రుకలన్నీ ఒకేసారి పైకి రావు. కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని నిద్రపోతుంటాయి. ఈ రోజు చేసినవి పోయినా, నిద్రలేచేవి తర్వాతి నెలల్లో వస్తాయి. ఏడాది, ఏడాదిన్నర అనుకో. పైగా నీది పీసీఓఎస్. హార్మోన్ల సంగతి చూడకుండా సూది పట్టుకుంటే ఒకవైపు తోడుతూ ఇంకోవైపు నింపినట్టు, కొత్త కుదుళ్లు ముదురుతూనే ఉంటాయి. గైనకాలజిస్టు దగ్గరకో, చర్మ డాక్టరు దగ్గరకో వెళ్లు. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ విభాగాలున్నాయి, ఓపీలో చూస్తారు. లేజర్ గురించి అక్కడే అడుగు. మన రంగు చర్మానికి, హార్మోన్ల తేడా ఉన్నవాళ్లకు లేజర్ వల్ల మొహం మీది నూగు కాస్తా ముదిరి ఎదురు తిరగడం నేను చూశాను, డాక్టర్లకూ తెలిసిన సంగతే. పల్చని నూగు మీద కొట్టించుకోకు.

కొంటావా అంటే, పెన్ను పసుపు గుడ్డ మీద నెగ్గితే 1,500కి అడుగు. ఇంకో పని కూడా చెయ్యి. కొనేముందు ఒక్క సిట్టింగ్ మాత్రం మంచి క్లినిక్‌లో చేయించుకో. సరిగ్గా దిగిన సూది ఎలా ఉంటుందో నీ చర్మానికి తెలుస్తుంది. ఆ తర్వాత ఇంట్లో తేడా నీకే తెలుస్తుంది. పెళ్లిచూపులకు మాత్రం కనీసం వారం రోజుల ముందు నుంచి సూది ముట్టుకోకు, పొక్కుతో కూర్చుంటావు. అయినా వచ్చేవాడు గడ్డం కింద భూతద్దం పెట్టి చూస్తాడా ఏం, ఆ టెన్షన్ మీ అమ్మకి వదిలెయ్.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. గడ్డం మీద తెల్ల వెంట్రుకలు పది పన్నెండు. లేజర్‌కి తెల్లవి పోవన్నారు. మావారు ఎర్రగడ్డ సంతలో ఆదివారం 400 పెట్టి సూది లేని ఎలక్ట్రాలసిస్ మిషన్ తెచ్చారు. ప్లక్కర్‌లా వెంట్రుకను పట్టుకుంటే కరెంటు దాని గుండానే కుదుట్లోకి పోతుందట. రెండు వారాలుగా చేస్తున్నాను, మళ్లీ వస్తున్నాయి. నా గుండెకు పేస్‌మేకర్ ఉంది, చెప్పడం మంచిదని రాస్తున్నాను.

– మలక్‌పేట

జవాబు: చెప్పి చాలా మంచి పని చేశారమ్మా. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు సూది మిషన్ గానీ ఈ సూది లేనిది గానీ, మీ గుండె డాక్టరు సరే అనేదాకా దగ్గర పెట్టుకోకూడదు. ఈ రోజే ఆపేయండి. పోనీ అది పనిచేసేదైనా కాదు. వెంట్రుక కరెంటును మోయదు, రెండు వారాలుగా మీరు చేసింది ఖరీదైన పీకుడు. లేజర్ నల్ల రంగును చూసి పట్టుకుంటుంది కాబట్టి తెల్లవాటికి అది చేతకాదన్నది నిజమే. పది పన్నెండేగా, చిన్న కత్తెరతో కత్తిరించుకోండి, చాలు. అందులో ఉన్న పెన్సిల్ సెల్స్ రెండూ తీసి రిమోట్‌లో వేసుకోమనండి మీవారిని.