గర్భసంచి గడ్డలకు ఎంబలైజేషన్: గుంటూరు నుంచి వచ్చిన ఒక చెల్లెలి సందేహం

గుంటూరు బ్రాడీపేట నుంచి అమెరికా వచ్చి ఏడాదైనా నిండని ఒక చెల్లెలు అడిగిన సందేహం ఇది. నెలసరిలో విపరీతంగా రక్తం పోతోందని వెళితే, గైనకాలజిస్టు గర్భసంచిలో ఫైబ్రాయిడ్లనే గడ్డలున్నాయని చెప్పి, గర్భసంచి తీయకుండా గడ్డలకు రక్తం అందకుండా చేసే ఎంబలైజేషన్ గురించి ఆలోచించమన్నారట. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మగారు, "ఇద్దరు పిల్లలు పుట్టాక ఇంకా ఆ సంచితో పనేముంది, సెలవుల్లో వచ్చి కొత్తపేట ఆస్పత్రిలో తీయించేసుకుని పో" అన్నారట. ఈ రెండింటిలో ఏది చేయించుకోవాలన్నదే ఆమె సందేహం. అమ్మగారి మాట నాకు కొత్త కాదు. మా అమ్మా, ఇద్దరు పిన్నులూ అలా తీయించుకున్నవాళ్లే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తొలగింపులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల ముందువరుసలో ఆంధ్రప్రదేశ్ ఉంది. నేను మాత్రం ఇక్కడ ఎంబలైజేషనే చేయించుకున్నాను.

ఇదేదో కొత్త ప్రయోగమని భయపడనక్కరలేదు. ఫైబ్రాయిడ్లకు ఈ చికిత్స ఫలితాలను పారిస్ వైద్యులు 1995లోనే ప్రకటించారు. దీన్ని చేసేది గైనకాలజిస్టు కాదు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, అంటే స్కాన్‌లో చూసుకుంటూ సన్నని గొట్టాలతో చికిత్స చేసే వైద్యుడు. ముందుగా ఎమ్మారై, రక్తపరీక్షలు, గర్భం లేదని తేల్చే పరీక్ష చేస్తారు. గుండెకు యాంజియోగ్రామ్ చేసినట్టే, తొడ మొదట్లో గాని మణికట్టు దగ్గర గాని సన్నని గొట్టం ఎక్కించి, ఎక్స్‌రేలో చూసుకుంటూ, గర్భసంచికి రెండు వైపులా ఉన్న ధమనుల్లోకి ఇంచుమించు బొంబాయి రవ్వంత రేణువులను వదులుతారు. దాంతో గడ్డలకు రక్తం ఆగిపోతుంది. గర్భసంచికి మాత్రం పక్క రక్తనాళాల నుంచి అందుతుంది. మగతలో ఉంచి, సాధారణంగా గంట, గంటన్నరలో ముగిస్తారు.

కడుపు మీద కోత లేదు గనుక నొప్పీ ఉండదనుకోవడం నేను చేసిన పొరపాటు. రక్తం అందని గడ్డ ఊరుకోదు. మొదటి రాత్రి నొప్పి పురిటినొప్పులను గుర్తుచేసింది. బటన్ నొక్కితే నరంలోకి మందు ఎక్కే యంత్రాన్ని నర్సు నా చేతికిచ్చినా, ఓర్చుకోవడమే గొప్ప అని పెరిగిన ప్రాణం కదా, రెండు గంటలు దాన్ని పిడికిట్లో పట్టుకుని పళ్లు బిగించి పడుకున్నాను. మీరు ఆ పని చేయకండి, నొక్కండి. ఆ తర్వాత వారం దాకా కొద్దిపాటి జ్వరం, వికారం, నీరసం ఉండడం మామూలే. జ్వరం తగ్గకుండా పెరిగినా, దుర్వాసనతో స్రావం అవుతున్నా ఆ రోజే ఆస్పత్రికి ఫోన్ చేయాలి, ఎందుకంటే అది ఇన్ఫెక్షన్ కావచ్చు.

గడ్డ మాయం కాదు. మూడు నుంచి ఆరు నెలల్లో సుమారు సగానికి కుంచించుకుపోతుంది. రక్తస్రావం సాధారణంగా అంతకంటే ముందే తగ్గుముఖం పడుతుంది. ఎక్కువమందికి ఉపశమనం దొరికినా, కొందరికి కొన్నేళ్లకు మళ్లీ చికిత్స అవసరమవుతుంది. 45 దాటినవారిలో కొందరికి నెలసరి పూర్తిగా ఆగిపోవచ్చు. ఇంకా పిల్లలు కావాలనుకునేవారు, గడ్డలను మాత్రమే తీసే మయోమెక్టమీ గురించి ముందుగా అడగాలి.

ఇక ఇక్కడి తతంగం. ఇన్సూరెన్సు నుంచి ముందస్తు అనుమతి వచ్చిందో లేదో మీరే ఫోన్ చేసి తెలుసుకోండి. ఆస్పత్రి బిల్లు, డాక్టరు బిల్లు వేరువేరుగా వస్తే కంగారుపడకండి. ఉద్యోగానికి రక్షణ కల్పించే 12 వారాల జీతంలేని సెలవు, అదే సంస్థలో 12 నెలలు నిండనివారికి వర్తించదు గనుక, కొత్తగా చేరినవారు సెలవు సంగతి ముందే మాట్లాడుకోవాలి. 2004 నవంబరులో, అప్పటి అమెరికా జాతీయ భద్రతా సలహాదారు కొండలీజా రైస్ ఈ చికిత్స చేయించుకుని ఒక్క రాత్రే ఆస్పత్రిలో ఉన్నారు. ఆవిడ సంగతి ఆవిడది, మీరు రెండు వారాలైనా చేతిలో ఉంచుకోండి. విజయవాడలోనూ ఈ వైద్యులున్నారు, కానీ మూడు వారాల సెలవులో వెళ్లి పరీక్షలు, చికిత్స, విశ్రాంతి, ఇరవై గంటల పైబడిన తిరుగు ప్రయాణం, అన్నీ ఇరికించుకోవడం నాకైతే నచ్చదు.

ఎక్కడ చేయించుకున్నా పాత స్కాన్ రిపోర్టులు తెప్పించుకోండి. గడ్డ ఎన్నేళ్లలో ఎంత పెరిగిందని నా రేడియాలజిస్టు అడిగినప్పుడు, ఆ కాగితం గుంటూరులో అమ్మ బీరువాలో, పట్టుచీరల అడుగున ఉంది. మా తమ్ముడు అర్ధరాత్రి లేచి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు.