గ్లౌ కొనే ముందు రెండు చేతులూ కలిపి చూడండి

ప్రశ్న: ప్రమాదంలో మా తమ్ముడికి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. సి6, అంటే మెడలో ఆరో స్థాయి, అన్నారు. అరచేతికి కఫ్ (పట్టీ) కట్టుకుని, అందులో స్టైలస్ (తెర మీద నొక్కే పెన్ను) దూర్చి ఫోన్ వాడుతున్నాడు. ఫిజియోథెరపీ పరీక్షల్లో రెండు చేతులకూ మార్కులు పెరిగాయి. ఇంట్లో మాత్రం ఫోన్‌కు చార్జర్ కూడా పెట్టుకోలేడు. మోటారుతో వేళ్లు మూసే గ్లౌ కొనమంటున్నారు. కొనొచ్చా? (ఒక అక్క, ఖమ్మం)

జవాబు: ఏ గ్లౌ కొనాలి అని అడిగేవాళ్లు చాలామంది. అది తొడిగాక రెండు చేతులూ కలిసి ఏం చేయగలవో చూశామని రాసినవాళ్లు తక్కువ.

మార్కులు పెరిగిన మాట నిజమే. కానీ బాక్స్ అండ్ బ్లాక్ పరీక్షలో లెక్కపెట్టేది 60 సెకన్లలో ఒక చేత్తో ఎన్ని చెక్కముక్కలు అడ్డు దాటించారన్నదే. మెడ దగ్గర దెబ్బతిన్నవాళ్ల కోసమే తయారైన గ్రాస్ప్ అనే చేతి పరీక్ష కూడా కుడి, ఎడమ చేతులకు విడివిడిగా మార్కులు వేస్తుంది. చార్జర్ పెట్టాలంటే ఒక చెయ్యి ఫోన్‌ను కదలకుండా పట్టాలి, రెండోది పిన్ను నెట్టాలి. ఆ పనికి ఈ మార్కుల్లో చోటే లేదు.

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లు రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలరో కొలిచే స్కిమ్ అనే స్కోరులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఏ సాయమూ, పరికరమూ లేకుండా తింటే 3 మార్కులు. పరికరంతో తనంతట తాను తింటే 2. ఆ పరికరాన్ని ఇంకొకరు తొడగాల్సివస్తే 1. మీరూ ఇలాగే చూడండి. చార్జర్, నీళ్ల సీసా మూత, మాత్రల స్ట్రిప్... ఈ మూడు పనులనూ గ్లౌ లేకుండా ఒకసారి, గ్లౌతో ఒకసారి చేయించి వీడియో తీయండి. తొడగడం, విప్పడం కూడా వీడియోలో ఉండాలి. సాయంత్రం అలసిపోయాక మళ్లీ తీయండి.

ఇంకో భయం ఉంది. సి6 వాళ్లు మణికట్టు పైకెత్తితే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. వాళ్లకున్న పట్టు అదే. మణికట్టును బిగించే గ్లౌ దాన్నే పోగొడుతుంది. రెండు అరచేతుల మధ్య గ్లాసు నొక్కి పట్టుకునే అలవాటున్నవాళ్లకు, ఒక చేతికి మందపాటి గ్లౌ వస్తే ఆ గ్లాసూ జారిపోవచ్చు. వేళ్లకు స్పర్శ తక్కువ కాబట్టి గ్లౌ విప్పిన ప్రతిసారీ చర్మం ఎర్రబడిందేమో చూడాలి.

ఇక నాకు అసలు టెన్షన్ ఫోన్ గురించే. పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి నొక్కలేడని, పిన్ కొట్టడం ఆలస్యమని ఇంట్లోవాళ్లు లాక్ తీసేస్తారు. యూపీఐ పిన్ అటెండెంట్‌కు చెప్పేస్తారు. ఎవరో వాట్సాప్‌లో పంపిన 'ఒక్క టచ్' యాప్ వేసి, అది అడిగిన యాక్సెసిబిలిటీ అనుమతి (వైకల్యం ఉన్నవాళ్లకు ఫోన్ వాడకంలో సాయపడే యాప్‌ల కోసం పెట్టినది) ఇచ్చేస్తారు. ఆ అనుమతి దొరికిన యాప్ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు తనే నొక్కగలదు. ఓటీపీ చదివి డబ్బు పంపేయడానికి ఇంకేం కావాలి? ఆండ్రాయిడ్ 13 నుంచి, ప్లే స్టోర్‌లో కాకుండా బయట నుంచి తెచ్చి వేసిన యాప్‌లకు ఈ అనుమతి నేరుగా దొరకదు. అయినా ఫోన్లో ఎవరో చెబుతుంటే ఆ అడ్డు తొలగించేవాళ్లు ఉన్నారు. దయచేసి తొలగించకండి. బటన్ల పనికి ఫోన్‌లోనే ఉన్న యాక్సెసిబిలిటీ మెనూ చాలు.

దొంగల భయంతో కొన్ని బ్యాంకు యాప్‌లు యాక్సెసిబిలిటీ సేవ ఆన్‌లో ఉంటే తెరుచుకోవడమే మానేశాయి. ఇది నాకు కోపం తెప్పించే డిజైన్. దొంగకూ, చేతులు పనిచేయని మనిషికీ తేడా తెలుసుకునే కష్టం వాళ్లు పడకుండా, మనిషినే బయట నిలబెట్టారు. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు పేరు చెప్పి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఈలోగా లాక్ ఉంచండి, పిన్ తమ్ముడే స్టైలస్‌తో కొట్టాలి. చిన్న ఖర్చులకు యూపీఐ లైట్ పెట్టండి. ఒక్కోసారి 1,000 రూపాయల వరకు పిన్ అక్కర్లేదు. అందులో 5,000కు మించి ఉండదు కాబట్టి పోయినా అంతవరకే.

చార్జర్ బదులు, మీ ఫోన్‌కు వైర్‌లెస్ చార్జింగ్ సదుపాయం ఉంటే, ఫోన్‌ను నిలబెట్టే వైర్‌లెస్ చార్జింగ్ స్టాండ్ కొనండి. గ్లౌ అమ్మేవాళ్లను వారం రోజులు ట్రయల్‌కు ఇమ్మనండి. ఇవ్వకపోతే కొనకండి. ఇస్తే ఆ వీడియోలు ఫిజియోకు చూపించి, వాళ్లేమన్నారో నాకూ రాయండి.