ముందు అలారం, తర్వాతే ఫర్నేస్

ప్రశ్న: మేం మిషిగన్‌లో, నోవైలో ఉంటాం. ఇల్లు కొని ఆరేళ్లయింది. ఇంటిని వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ అంతకు ముందు నుంచీ ఉన్నదే, మేం ఎప్పుడూ సర్వీసింగ్ చేయించలేదు. ఈ మధ్య వెలిగినట్టే వెలిగి నాలుగైదు సెకన్లలో ఆరిపోతోంది. రెండు మూడుసార్లు అలా చేసి ఊరుకుంటుంది, కాసేపటికి మళ్లీ మొదలు. మా మరిది వీడియోలు చూసి, "వదినా, మనమే విప్పి బర్నర్లు బ్రష్‌తో తోమేద్దాం" అంటున్నాడు. ఖమ్మం నుంచి మా అమ్మ వచ్చి ఉంది, బేస్‌మెంట్ గదిలో పడుకుంటుంది. పొద్దున్నే తలనొప్పి అంటోంది. చలి పడక అనుకుంటున్నాం. గోడ మీది అలారం ఊరికే కీచుమంటుంటే బ్యాటరీ తీసేశాం. ఏం చేయమంటారు? (పేరు ప్రచురించవద్దన్నారు.)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివరి మాటలు చదవగానే నాకు టెన్షన్ పట్టుకుంది. అందుకే పత్రిక వచ్చేదాకా ఆగకుండా మీకు అప్పుడే మెయిల్ పెట్టాను: అందరూ బయటికి రండి, బయటి నుంచే గ్యాస్ కంపెనీ అత్యవసర నంబర్‌కి ఫోన్ చేయండి, ఎవరికైనా కళ్లు తిరుగుతున్నా, వాంతి వస్తున్నా 911కే చేయండి అని. వాళ్లు వచ్చి కొలిచారని, గ్యాస్ సరిగా మండకపోతే పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ సున్నా వచ్చిందని మీరు రాశాక నా ప్రాణం లేచి వచ్చింది. అమ్మగారికి బీపీ ఎక్కువగా ఉందని డాక్టర్ చెప్పారట, మంచిది, ఆ దారిన మందులు వాడతారు. కానీ ఇంట్లో గ్యాస్ ఫర్నేస్ ఉన్నవాళ్లు పొద్దుటి తలనొప్పిని చలి మీదికి తోసేయకూడదు. ఆ వాయువుకు రంగు, వాసన ఉండవు. తలనొప్పి, వికారం, నీరసం, అచ్చం జ్వరం లేని ఫ్లూలా ఉంటుంది. బయటికి వెళ్తే తగ్గి, ఇంటికొస్తే మళ్లీ వస్తుంటే, లేదా ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే మరీ అనుమానించాలి. నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలియదు.

ఇక ఆ వాయువును పసిగట్టే అలారం. అరనిమిషానికో నిమిషానికో ఒకసారి కీచుమంటే బ్యాటరీ అయిపోయిందనో, అలారం ఆయుష్షే తీరిందనో అర్థం. నాలుగుసార్లు గట్టిగా మోగి, ఆగి, మళ్లీ నాలుగుసార్లు మోగితే అది ప్రమాదం, బయటికి పరుగెత్తాలి. వెనక్కి తిప్పి తయారైన తేదీ చూడండి. మోడల్‌ని బట్టి అయిదు నుంచి పదేళ్లు పనిచేస్తాయి, అంతే. మీ ఇంటిది మీకంటే ముందు నుంచీ ఉందంటే పారేసి కొత్తవి కొనండి. ప్రతి అంతస్తులో ఒకటి, పడకగదుల దగ్గర ఒకటి, అమ్మగారు పడుకునే బేస్‌మెంట్‌లో తప్పకుండా ఒకటి. ఇంకో సంగతి. గాలిలో ఆ వాయువు పది లక్షల్లో 70 వంతులు ఉన్నప్పుడు కూడా ఈ అలారాలు గంట నుంచి నాలుగు గంటల లోపు మోగేలా తయారవుతాయి. అంతకన్నా తక్కువ మోతాదుకు మోగకపోవచ్చు. కాబట్టి మోగలేదు కదా అని ఒంట్లో తేడాను పక్కన పెట్టకండి.

ఇప్పుడు మీ ఫర్నేస్ జబ్బు. వెలిగి వెంటనే ఆరిపోతుంటే మేం ముందు చూసేది ఫ్లేమ్ సెన్సర్. బర్నర్ల వరసలో ఒక చివర, పింగాణీ మొదలు నుంచి అగరుబత్తి పుల్లంత సన్నని లోహపు కడ్డీ మంటలోకి చొచ్చుకుని ఉంటుంది. మంట గుండా ఆ కడ్డీ నుంచి అతి స్వల్పంగా, మైక్రోఆంపుల్లో, కరెంట్ పారుతుంది. అది అందితేనే ఫర్నేస్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు "మంట ఉంది" అని నమ్ముతుంది. కడ్డీ మీద కంటికి సరిగా ఆనని పొర పేరుకుంటే కరెంట్ అందదు, బోర్డు గ్యాస్ వాల్వ్ మూసేస్తుంది. వెలగని గ్యాస్ ఇంట్లో నిండకుండా అది చేసే కాపలా ఇది. అందుకే మాటిమాటికీ స్విచ్ ఆపి వేసి దాన్ని బలవంతంగా వెలిగించకండి.

ఆ కడ్డీని తుడవడం పెద్ద విద్యేమీ కాదు. పక్కనున్న స్విచ్ ఆపి, గ్యాస్ వాల్వ్ పిడిని పైపుకు అడ్డంగా తిప్పి, ఒక్క స్క్రూ తీసి, మెత్తటి స్టీల్ ఉన్నితో తుడిచి పెట్టేస్తారు. మా వరంగల్ పాలిటెక్నిక్‌లో చదువుకుని వచ్చి, డిట్రాయిట్ చుట్టుపక్కల ఇదే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, మీ ఇంట్లో మాత్రం ఇది మీ మరిది చేత చేయించవద్దు. ఆరేళ్లు ఎవరూ తలుపు తీయని యంత్రం. ఎర్తింగ్ వదులైనా, గ్యాస్ ప్రెషర్ తేడా వచ్చినా అచ్చం ఇలాగే ఆరిపోతుంది. సెన్సర్ పక్కనే ఉండే, మంట అంటించే ఇగ్నైటర్ పెళుసు, వేలు గట్టిగా తగిలినా పగలొచ్చు. బర్నర్లు తోమడమైతే అసలే వద్దు. అవి కాస్త పక్కకు జరిగినా, రంధ్రాల్లో చెత్త ఇరుక్కున్నా మంట సరిగా మండదు, అప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడే.

లైసెన్స్ ఉన్న మనిషిని పిలవండి. పిలిచేటప్పుడే అడగండి: పొగగొట్టంలో పొగను అనలైజర్‌తో కొలుస్తారా, గ్యాస్ ప్రెషర్ చూస్తారా, గాలి ఎన్ని డిగ్రీలు వేడెక్కుతోందో ఫర్నేస్ మీది ప్లేట్‌లో రాసిన హద్దులతో సరిచూస్తారా, మంట వేడిని ఇంటి గాలికి అందించే లోహపు భాగం, హీట్ ఎక్స్ఛేంజర్, పరిశీలిస్తారా, ఆ అంకెలు కాగితం మీద రాసిస్తారా అని. ఫిల్టర్ మార్చి చుట్టూ తుడిచి బిల్లు చేతిలో పెడితే అది సర్వీసింగ్ కాదు. హీట్ ఎక్స్ఛేంజర్ పగిలింది, కొత్త ఫర్నేస్ కొనాల్సిందే అంటే పగులు చూపించమనండి, ఫోటో తీసుకోండి, మరొకరికి చూపించండి. అయితే తేలేదాకా దాన్ని వెలిగించవద్దు. రెండు రోజులు చలికి తెలిసినవాళ్లింట్లో ఉన్నా పర్లేదు.

మీ మరిదికి చేతినిండా పని కావాలంటే నేను చెప్తాను. ఫిల్టర్ మార్చమనండి, దాని అంచు మీది బాణం ఫర్నేస్ వైపు చూడాలి. మీది తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు గోడలోంచి బయటికి వెళ్లే రకమైతే, మంచు కురిసినప్పుడల్లా వాటి మూతుల దగ్గర పారతో తవ్వమనండి. అవి పూడుకుపోతే ఫర్నేస్ ఆగిపోతుంది. ఫర్నేస్ ముందు రెండున్నర అడుగుల చోటు ఖాళీగా ఉంచాలి. బియ్యం బస్తాలు, ఊరి నుంచి తెచ్చిన సూట్‌కేసులు అక్కడి నుంచి తీయించండి. పెయింట్ డబ్బాలు, థిన్నర్ అయితే ఆ గదిలోనే వద్దు.

పెద్దవాళ్లున్న ఇల్లు కాబట్టి మరో రెండు మాటలు. శీతాకాలం తలుపులన్నీ మూసుకుని బొగ్గుల మీద సాంబ్రాణి వేయడం మానిపించండి. నిప్పుల నుంచి వచ్చేదీ ఆ విషవాయువే. అలాగే మన ఊళ్లో సిలిండర్ లీకైతే రెగ్యులేటర్ కట్టేసి కిటికీలన్నీ తీస్తాం. ఇక్కడ కుళ్లిన కోడిగుడ్డు వాసన గట్టిగా వస్తే కిటికీల కోసం ఆగకూడదు. లైటు స్విచ్ ముట్టుకోకుండా, ఫోన్ కూడా లోపల చేయకుండా నేరుగా బయటికి నడవాలి. పగలు అమ్మగారు ఒక్కరే ఉంటారు కదా. ఏ పొరుగింటి తలుపు తట్టాలో ఇవాళే తీసుకెళ్లి చూపించండి. ఇంటి అడ్రస్, మీ నంబర్ ఇంగ్లీషులో రాసి ఆవిడ చలికోటు జేబులో పెట్టండి.

ప్రశ్న: న్యూజెర్సీ, ఎడిసన్. మా బాబుకు ఎలర్జీ అని ఫర్నేస్‌కు మెర్వ్ 13 ఫిల్టర్ (మెర్వ్ అంకె పెరిగేకొద్దీ వడపోత సన్నం) వేశాం. అప్పటి నుంచి ఇల్లు సరిగా వేడెక్కడం లేదు, మంట మధ్యలో ఆగిపోయి గాలి మాత్రం తిరుగుతోంది.

జవాబు: ఒక అంగుళం మందం ఫిల్టర్‌లో అంత సన్నని వడపోత పెడితే చాలా ఫర్నేస్‌లకు గాలి అందదు. లోపల వేడి ఎక్కువై లిమిట్ స్విచ్ మంటను ఆపేస్తుంది, చల్లారేదాకా బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది. మీకు జరుగుతున్నది అదే అయ్యుంటుంది. ముందు మెర్వ్ 8కి మార్చి చూడండి. బాగుపడితే, బాబు కోసం నాలుగంగుళాల ఫిల్టర్ పట్టే పెట్టె అమర్చగలరేమో టెక్నీషియన్‌ని అడగండి, అందులో మెర్వ్ 13 చాలా ఇళ్లలో నడుస్తుంది. మార్చినా బాగుపడకపోతే ఫర్నేస్ ఆపి పిలవండి. వాడని గదుల వెంట్లు మూసి ఉంటే తెరవండి, అవి కూడా గాలికి అడ్డమే. పోపు పెట్టేటప్పుడు పొయ్యి మీది ఫ్యాన్ వేయండి. అది గాలిని బయటికి పంపేదో, వంటింట్లోకే తిప్పికొట్టేదో ఒకసారి చూసుకోండి. రెండో రకమైతే నూనె ఆవిరి అంతా మీ ఫిల్టర్‌కే చేరుతుంది, నెలకోసారి తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తుండాలి.