సముద్రం కోసేసిన ఇంటికి కోర్టులో దిక్కుందా?

ప్రశ్న: లాయరు గారూ, నమస్కారం. మాది ఉప్పాడ తీరం. నాన్న బోటు మీద వేటకెళ్తారు. మొదట వంటగది పోయింది, మొన్నటి తుపానుకు వెనక గోడ కూడా సముద్రంలో కలిసింది. ఆఫీసుకెళ్తే ‘సముద్రపు కోత విపత్తుల జాబితాలో లేదు, తుపాను సాయం మాత్రమే ఇస్తాం’ అన్నారు. ఇళ్ల స్థలం ఇచ్చినా తీరానికి దూరంగా లోపలెక్కడో ఇస్తారట. వాతావరణ మార్పు నుంచి రక్షణ మన హక్కని సుప్రీంకోర్టు చెప్పినట్టు కాలేజీలో విన్నాను. ఆ తీర్పుతో కేసు వేయొచ్చా?
– ఓ డిగ్రీ విద్యార్థిని, కాకినాడ జిల్లా

జవాబు: వేయొచ్చమ్మా. కాకపోతే ఆ తీర్పు ఒక్కటే పట్టుకెళ్తే చాలదు.

మీరు విన్నది 2024 మార్చి 21 నాటి రంజిత్‌సింహ్ కేసు తీర్పు. రాజస్థాన్, గుజరాత్‌లలో కరెంటు తీగలు తగిలి చనిపోతున్న బట్టమేక పక్షుల కోసం వేసిన కేసది. ఒకప్పుడు మన నంద్యాల జిల్లా రోళ్లపాడులో తిరిగిన పక్షే. తీగల్ని భూమిలోపల వేయాలన్న 2021 నాటి ఉత్తర్వును సోలార్ కరెంటు అవసరం దృష్ట్యా సడలిస్తూ, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణల్లోనే ఉందని కోర్టు చెప్పింది. గొప్ప మాటే. కానీ మీ ఊళ్లో ఏ అధికారి, ఎప్పటిలోగా, ఏం చేయాలో అందులో దొరకదు. ఈ విషయంపై దేశంలో ప్రత్యేక చట్టమంటూ లేదని ఆ తీర్పులోనే ఉంది. ఇన్ని తీరగ్రామాలున్న దేశానికి అలాంటి చట్టం లేకపోవడం అన్యాయమనే నేనంటాను.

‘వాతావరణాన్ని కాపాడండి’ అని మొత్తంగా అడిగితే ఏమవుతుందో చూశాం. ఉత్తరాఖండ్‌కు చెందిన రిధిమా పాండే తొమ్మిదేళ్ల వయసులో, 2017లో, పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2019లో ఆ పిటిషన్ కొట్టేశారు. పాకిస్తాన్‌లో లెఘారీ అనే రైతు మరోలా అడిగాడు: ‘మీరు రాసుకున్న వాతావరణ విధానాన్ని మీరే ఎందుకు అమలు చేయడం లేదు?’ అని. 2015లో లాహోర్ హైకోర్టు అతని మాట విని, అమలును చూసేందుకు ఒక కమిషన్‌నే వేసింది. మీరూ అలాగే అడగాలి.

అడగడానికి మన దగ్గర కాగితాలున్నాయి. తీరంలో ఏం కట్టొచ్చో, ఏం కట్టకూడదో చెప్పే 2019 నాటి సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) నోటిఫికేషన్‌లో ‘హజార్డ్ లైన్’ అని ఒక గీత గురించి ఉంటుంది. నీటిమట్టం పెరగడం, తీరం కోతకు గురవడం వంటివన్నీ వందేళ్లకు లెక్కేసి సర్వే ఆఫ్ ఇండియా గీసిన గీత అది. తీరప్రాంత విపత్తు ప్రణాళికలకు దాన్ని వాడాలని అందులోనే రాశారు. మీ సర్వే నంబరు ఆ గీతకు ఏ పక్కనుంది? దాన్నిబట్టి మీ ఊరికి ఏ ప్రణాళిక వేశారు? ముందు ఆర్టీఐ కింద ఇది అడగండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

ఆఫీసులో చెప్పినట్టు కేంద్రం జాబితాలో తుపాను, వరద ఉన్నాయిగానీ కోత లేదు, నిజమే. కానీ 2021–26 కాలానికి కేంద్ర నిధుల్లో రాష్ట్రాల వాటా సూచించే 15వ ఆర్థిక సంఘం కోతను ఆపే పనులకు 1,500 కోట్లు, కోత వల్ల నిర్వాసితులైన వారి పునరావాసానికి 1,000 కోట్లు దేశం మొత్తానికి సిఫార్సు చేసింది. మన రాష్ట్రం అందులో ఎంత కోరింది, మీ ఊరి పేరు పంపిందా అన్నది కూడా అదే దరఖాస్తులో అడగండి.

అవతలి వకీలు ఏమంటాడో ఇప్పుడే చెబుతాను. ‘ఇది వాతావరణ మార్పు వల్ల కాదు, ఆనకట్టల వల్ల గోదావరి ఇసుక రావడం తగ్గింది, కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ దీవి వల్ల కెరటాల దారి మారింది’ అంటాడు. అందులో కొంత నిజముంది కూడా. కారణాల గురించి వాదనకు దిగకండి. ప్రమాదం తెలిసి, గీత కూడా గీసుకున్నాక ఎందుకు కదల్లేదన్నదే మీ ప్రశ్న. పూర్తి శాస్త్రీయ రుజువు దొరికేదాకా ఆగక్కర్లేదని, ముందుజాగ్రత్త తప్పనిసరని సుప్రీంకోర్టు 1999లోనే మన హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌ల కేసులో చెప్పింది.

ఆర్టీఐ జవాబు వచ్చాక సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టర్‌కు అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే 226 అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయండి, అంటే అధికారులు తమ పని చేసేలా ఆదేశించమని కోరండి. రంజిత్‌సింహ్ తీర్పు అక్కడ బలంగా పనికొస్తుంది. ఫలానా కట్టడం వల్లే కోత పెరిగిందని తేలితే చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ బెంచిలో పరిహారం అడగొచ్చు, దానికి గడువు ఐదేళ్లు. మీరు మహిళ కాబట్టి ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది.

పోయిన వంటగదికి సంబంధించి ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, పాత పెళ్లి ఫొటోల్లో వెనకాల కనిపించే గోడ, ఏదున్నా దాచండి. తహసీల్దారు చేత పంచనామా రాయించండి. స్థలం ఇస్తే వద్దనకండి, కానీ వేటకు వీలైనంత దగ్గర్లో కావాలని అర్జీలోనే రాయండి. జీవనోపాధి కూడా 21వ అధికరణలో భాగమేనని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో తేల్చారు. అందుకే నాన్నగారి బోటు రిజిస్ట్రేషన్ జిరాక్సు కూడా జతచేయండి.