అనంతపురం కరెంటు బిల్లు మీద కంపెనీ పేరు ఎందుకు మారింది?

అనంతపురంలో ఒకప్పుడు బిల్లు సెంట్రల్ డిస్కం (కరెంటు పంపిణీ చేసే కంపెనీ) పేరుతో వచ్చేది, ఇప్పుడు సదరన్ అని ఉంటోంది, కారణం ఏమిటని అడిగారు. దీనికి విద్యుత్తుతో కంటే రాష్ట్రాల సరిహద్దులతోనే ఎక్కువ సంబంధం ఉంది.

1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు ఉత్పత్తి నుంచి మీటరు దాకా అన్నీ ఒక్కటే చూసుకునేది. 1998 సంస్కరణల చట్టంతో 1999 ఫిబ్రవరిలో అది కరెంటు ఉత్పత్తి చేసే జెన్‌కో, దాన్ని పెద్ద లైన్లలో చేరవేసే ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000లో పంపిణీని విశాఖ, తిరుపతి, వరంగల్, హైదరాబాద్ కేంద్రాలుగా నాలుగు కంపెనీలకు అప్పగించారు. అనంతపురం, కర్నూలు హైదరాబాద్ కేంద్రంగా ఉన్న సెంట్రల్ కిందికి వెళ్లాయి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ కంపెనీ తెలంగాణకు దక్కింది, ఈ రెండు జిల్లాలను తిరుపతి కేంద్రంగా ఉన్న సదరన్‌లో కలిపారు. 2019 చివర్లో కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలతో విజయవాడ కేంద్రంగా మళ్లీ ఒక సెంట్రల్ పుట్టింది. పాత సెంట్రల్‌కూ దీనికీ పేరు ఒక్కటే. చాలామంది తికమక పడేది ఇక్కడే.

పని మాత్రం మారలేదు. 132 కేవీ (కిలోవోల్టులు), ఆపై లైన్లు ట్రాన్స్‌కోవి. 33 కేవీ నుంచి కిందివన్నీ డిస్కంవి. మీ వీధి స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీని ఇళ్లకు సరిపడే వోల్టేజికి దించుతుంది. వేసవిలో అది కాలిపోతే ఎండలో స్తంభమెక్కి పనిచేసేది డిస్కం లైన్‌మ్యానే. ఆ కష్టానికి దక్కాల్సిన గుర్తింపు దక్కడం లేదన్నది నా అభిప్రాయం. ఛార్జీలను మాత్రం కంపెనీ తనంతట తాను పెంచడానికి వీల్లేదు, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరిపి నిర్ణయిస్తుంది. ఆ విచారణలో మీరూ అభ్యంతరం చెప్పవచ్చు.