మానిటర్ ముందు, పెట్టె తర్వాత

ప్రశ్న: మేడమ్, మూడేళ్లు దాచుకున్న డబ్బుతో ఆటల కోసం గట్టి కంప్యూటర్ ఒకటి సొంతంగా బిగించుకుందామని ఉంది. లిస్టు ఇది: రైజెన్ 9 9950ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 5080 గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్ స్టిక్కులు నాలుగు, ఎక్స్870ఈ మదర్‌బోర్డు, 4 టీబీ జెన్5 ఎస్‌ఎస్‌డీ, లైట్లు వెలిగే అద్దాల కేబినెట్. పవర్ సప్లై మాత్రం పాత పెట్టెలోది 650 వాట్లది ఉంది, ఏడేళ్లుగా ఏ పేచీ పెట్టలేదు. మానిటర్ కూడా పాతదే, ఫుల్ హెచ్‌డీ. ఎక్కువగా ఆన్‌లైన్ షూటింగ్ ఆటలు, అప్పుడప్పుడు కథ నడిచే పెద్ద ఆటలు ఆడతాను. వీడియో ఎడిటింగ్ లాంటివేమీ లేవు. లిస్టులో ఏమైనా లోటు ఉందా?

జవాబు: లోటంతా మీరు ‘పాతదే’ అని తేల్చేసిన ఆ రెండింటిలోనే ఉంది.

మానిటర్ సంగతి ముందు చూద్దాం. ఫుల్ హెచ్‌డీ తెర మీద పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు, సుమారు 20.7 లక్షలు. నిలువునా 1440 చుక్కలుండే 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. 5080 లాంటి కార్డుకు ఫుల్ హెచ్‌డీ ఇవ్వడమంటే లారీ కొని అందులో కూరల సంచీ మోయించడమే. పాత తెర 60 హెర్ట్జ్‌దే అయితే (మీరు రాయలేదు గానీ నా అనుమానం అదే) కార్డు సెకనుకు 300 ఫ్రేములు గీసినా తెర మారేది 60 సార్లే. అంటే ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలబడుతుంది. 240 హెర్ట్జ్ తెర మీద అది 4.2 మిల్లీసెకన్లు. షూటింగ్ ఆటలో అవతలివాడు మూల తిరిగి బయటికొచ్చే క్షణంలో ఈ తేడా కంటికి తెలుస్తుంది.

మీరు ఆడేది ఎక్కువగా అవే కాబట్టి 27 అంగుళాల 1440పీ, 240 హెర్ట్జ్ తెర తీసుకోండి. కథల ఆటలే ఎక్కువయితే 4కే అనేదాన్ని. ఒక్కో పిక్సెల్ తానే వెలిగే ఓఎల్‌ఈడీ తెర కొంటే నలుపు నిజంగా నలుపుగా కనిపిస్తుంది. కాకపోతే కదలని టాస్క్‌బార్ లాంటివి గంటల తరబడి వదిలేస్తే అచ్చు పడే ప్రమాదం ఉంది, వాడనప్పుడు తెరను వెలుగుతూ వదిలేయకుండా స్లీప్‌లో పెట్టడం అలవాటు చేసుకోవాలి. తెచ్చి తగిలించాక విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి 240 ఎంచుకోండి. మా తమ్ముడు 165 హెర్ట్జ్ మానిటర్ కొని ఎనిమిది నెలలు 60లోనే ఆడాడు, పైగా ఎంత హాయిగా ఉందో అని నాకే చెప్పేవాడు.

ఇక ఆ ఏడేళ్ల పవర్ సప్లై. ‘పేచీ పెట్టలేదు’ అని ఒకప్పుడు నేనూ అన్నాను. మొదటిసారి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొన్నప్పుడు పాత పవర్ సప్లైనే ఉంచేశాను. మామూలుగా అంతా బాగానే ఉండేది. ఆటలో బాంబు పేలినప్పుడల్లా మాత్రం కంప్యూటర్ ఠపీమని ఆరిపోయేది. కార్డును తిట్టాను, డ్రైవర్లు మార్చాను, విండోస్ మూడుసార్లు మళ్లీ ఎక్కించాను. రెండు నెలల తర్వాత స్నేహితురాలి పవర్ సప్లై అరువు తెచ్చి పెడితే ఆ రోజుతో జబ్బు పోయింది. కార్డు సగటున లాగే కరెంటు వేరు, రెప్పపాటులో ఎగబాకి లాగేది వేరు. ఆ ఎగబాకడాన్ని పాతది తట్టుకోలేక తనను తాను ఆపేసుకుంటోంది, అంతే.

5080 ఒక్కటే 360 వాట్ల దాకా తీసుకుంటుంది. మొత్తం సిస్టమ్‌కి 850 వాట్ల సప్లై ఉండాలని దాన్ని రూపొందించిన ఎన్వీడియా చెబుతుంది. ఏటీఎక్స్ 3.1 (ఇలాంటి ఎగబాకడాలను తట్టుకునేలా పెట్టిన ప్రమాణం) అని రాసి ఉన్నది, కార్డుకు కరెంటిచ్చే 12వీ-2×6 కేబుల్ దానితోనే వచ్చేది కొనండి. 80 ప్లస్ గోల్డ్ అన్న ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా ఉంటుందో చెబుతుంది తప్ప లోపలి సరుకు నాణ్యత చెప్పదు, కాబట్టి వారంటీ ఎన్నేళ్లో కూడా చూడండి. ఆ కేబుల్‌ను సందు లేకుండా పూర్తిగా లోపలికి నొక్కాలి, కనెక్టర్ మొదట్లోనే మడతపెట్టకూడదు. ఇంకో ముఖ్యమైన మాట: పాత సప్లై కేబుళ్లు కొత్తదానికి తగిలించొద్దు. రంధ్రాలు సరిపోయినట్టే ఉంటాయి గానీ లోపల వైర్ల వరుస కంపెనీకో రకం. ఎస్‌ఎస్‌డీయో బోర్డో కాలిపోవచ్చు.

మరి ఈ ఖర్చంతా ఎక్కణ్నుంచి? మీ లిస్టులోంచే తీద్దాం.

9950ఎక్స్‌లో 16 కోర్లు, అంటే విడివిడిగా లెక్కలు చేసే భాగాలు, ఉన్నాయి, ఆటలకు వాటిలో సగం కూడా సరిగ్గా పని దొరకదు. 8 కోర్ల రైజెన్ 7 9800ఎక్స్3డీ ఆటల్లో దాన్ని దాటుతుంది. కారణం కోర్లు కాదు, ప్రాసెసర్‌లోనే ఉండే 96 ఎంబీ ఎల్3 క్యాష్ అనే వేగమైన మెమరీ. ఆటకు పదేపదే కావాల్సిన లెక్కలు ర్యామ్ దాకా వెళ్లకుండా అక్కడే దొరుకుతాయి. జేబులోంచి చిల్లర తీయడానికీ, బీరువా తాళం వెతికి తీయడానికీ ఉన్నంత తేడా. 9950ఎక్స్‌లో క్యాష్ మొత్తం 64 ఎంబీ, అదీ రెండు ముక్కలుగా.

నాలుగు ర్యామ్ స్టిక్కులు వద్దే వద్దు. ఈ ప్రాసెసర్లకు రెండు స్టిక్కులైతే అధికారిక వేగం 5600, నాలుగైతే 3600. డబ్బు ఎక్కువ పెట్టి వేగం తగ్గించుకోవడమెందుకు? ఆ అధికారిక అంకెను కాస్త దాటే డీడీఆర్5-6000, సీఎల్30 (జవాబులో ఆలస్యాన్ని చెప్పే అంకె) రకం 16 జీబీవి రెండు చాలు. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టండి.

ఎస్‌ఎస్‌డీ జెన్4ది తీసుకోండి. కాగితం మీద జెన్5 రెట్టింపు వేగం, ఆట తెరుచుకునేటప్పుడు ఆ తేడా వెతుక్కోవాలి. బోర్డు బీ850 చాలు, ఎక్స్870ఈ వల్ల ఒక్క ఫ్రేమూ పెరగదు. లైట్లు మీ ఇష్టం, నాకూ ఇష్టమే. కేబినెట్ ముందువైపు మాత్రం అద్దం కాక జాలీ ఉండాలి, కార్డు పొడవు పడుతుందో లేదో కొలుచుకోవాలి.

నేనైతే కార్డు కూడా 5070 టీఐకి దిగుతాను. దానికీ 16 జీబీ మెమరీయే ఉంది, 1440పీకి లోటుండదు. ఫ్రేమ్ జనరేషన్ చూపించి వేసే ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) అంకెలకు మోసపోకండి. మధ్యలో కల్పించిన ఫ్రేములు కదలికను నున్నగా చేస్తాయే గానీ మీరు మౌస్ నొక్కిన దానికి జవాబు త్వరగా రాదు. షూటింగ్ ఆటల్లో దాన్ని ఆపేయండి.

ప్రశ్న: 9800ఎక్స్3డీతో నిన్ననే బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, అయిదు నిమిషాలైనా తెర నల్లగానే ఉంది. బోర్డు పోయిందా?

జవాబు: ముందు హెచ్‌డీఎంఐ కేబుల్ బోర్డుకు పెట్టారేమో చూడండి, గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. అది సరిగ్గా ఉంటే ఇంకాసేపు ఓపిక పట్టండి. డీడీఆర్5 ర్యామ్‌తో మొదటిసారి బోర్డు టైమింగులు సరిచూసుకుంటుంది, దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. నేను రెండుసార్లు ఆపి, అన్నీ విప్పి డబ్బాల్లో సర్దేశాక గానీ ఈ సంగతి తెలుసుకోలేదు. పావుగంటైనా బొమ్మ రాకపోతే బోర్డు ఈ ప్రాసెసర్ రాకముందు తయారైనదేమో చూడండి. వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే బయోస్‌ను (బోర్డును మొదట లేపే సాఫ్ట్‌వేర్) పెన్‌డ్రైవ్‌తోనే అప్‌డేట్ చేయొచ్చు. బొమ్మ వచ్చాక బయోస్‌లో ఎక్స్‌పో, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చేయండి, లేకపోతే 6000 ర్యామ్ కొని 4800లో నడుపుతారు.

ప్రశ్న: 9800ఎక్స్3డీకి లిక్విడ్ కూలర్ తప్పనిసరా?

జవాబు: కాదు. 120 వాట్ల ప్రాసెసర్, రెండు ఫ్యాన్ల మంచి ఎయిర్ కూలర్ చాలు. బిగించే ముందు దాని అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర పీకేయండి. ఒకసారి నేను పీకలేదు. బయోస్‌లో ఊరికే కూర్చున్నా 90 డిగ్రీలు చూపిస్తుంటే, వేడిని కూలర్‌కు చేరవేసే పేస్టు తక్కువైందని ఇంకాస్త పూసి మరీ ఆ పొర మీదే బిగించాను.