రెస్టారెంట్ వీక్ డిన్నర్ గిట్టుబాటు అవుతుందా?

జెర్సీ నుంచి ఇద్దరు మాన్‌హాటన్ వెళ్లి న్యూయార్క్ రెస్టారెంట్ వీక్‌లో 60 డాలర్ల డిన్నర్ చేస్తే గిట్టుబాటు అవుతుందా, అందులో ఒకరు శాకాహారి అయితే ఎలా అని అడిగారు. రెస్టారెంట్ వీక్ అంటే హోటళ్లు కొన్ని వంటకాలను కలిపి, ఫిక్స్‌డ్ మెనూగా ముందే ప్రకటించిన ఒకే ధరకు ఇచ్చే రోజులు. లంచ్ చాలాచోట్ల గిట్టుతుంది. 60 డాలర్ల డిన్నర్ కొద్ది చోట్ల మాత్రమే. శాకాహారికి ఆ కొద్ది చోట్లు కూడా తగ్గిపోతాయి.

ముందు బిల్లు సంగతి. 30, 45, 60 అని ప్రకటించే ధరలు తిండికి మాత్రమే. దాని మీద 8.875 శాతం సేల్స్ టాక్స్, ఆపైన టిప్. 45 డాలర్ల డిన్నర్ తీసుకోండి: టాక్స్ 3.99, 20 శాతం టిప్ 9, మొత్తం 57.99. దానితో 18 డాలర్ల వైన్ ఒక్క గ్లాసు చెప్పారంటే 81.19 అయింది. ఇద్దరికి 162 దాటింది. 60 డాలర్ల మెనూ అయితే ఏమీ తాగకపోయినా మనిషికి 77.33. నీళ్లు ఏవి కావాలని అడిగినప్పుడు 'ట్యాప్ వాటర్' అని స్పష్టంగా చెప్పండి, లేకపోతే సీసా నీళ్లు రావచ్చు, వాటికి వేరే ధర. కారులో వెళితే టన్నెల్ టోల్, 60వ వీధికి దిగువన కంజెషన్ టోల్, పార్కింగ్ కలిసి తడిసి మోపెడవుతుంది. జెర్సీకి, మాన్‌హాటన్‌కి మధ్య నడిచే పాత్ (PATH) రైలెక్కడం మేలు.

గిట్టుబాటు తేల్చుకోవడానికి మెనూ పేరు, హోటల్ పేరు కన్నా ఒక కూడిక ముఖ్యం. ఆ హోటల్ మామూలు మెనూ వెబ్‌సైట్‌లో తెరిచి, ఫిక్స్‌డ్ మెనూలో మీరు నిజంగా తినే వంటకాల ధరలు కూడండి. పచ్చి చేప అపెటైజర్ 22, చేప ఎంట్రే (ప్రధాన వంటకం) 44, డెజర్ట్ 15 అనుకుంటే 81 అవుతుంది, 60కి వస్తే మంచి బేరమే. అదే శాకాహారికి సూప్ 15, పాస్తా 27, డెజర్ట్ 13, మొత్తం 55. అంటే తగ్గింపు పేరుతో 5 డాలర్లు ఎక్కువ కడుతున్నారు. మామూలుగా డెజర్ట్ తినని మనిషైతే ఆ 13 కూడా కూడికలో వేయకండి. నా అంచనాలో మామూలు రోజుల్లో ఒక్కరికి టాక్స్, టిప్ కలిపి 100 దాటే చోటే 60 డాలర్ల మెనూకి అర్థం ఉంది. 1992లో డెమోక్రటిక్ పార్టీ మహాసభ నగరానికి వచ్చినప్పుడు రెస్టారెంట్ వీక్ మొదలైంది. అప్పుడు పెట్టింది 19.92 డాలర్ల లంచ్. ఇప్పటికీ దీని అసలు బలం లంచ్‌లోనే ఉందని నా అభిప్రాయం.

ఏం తినాలో ఎంచుకోవడంలోనూ డబ్బు ఉంది. ఈ మెనూలు ఒకే పూట చాలామందికి వడ్డించేలా కడతారు. అందుకే సాల్మన్, కోడి, షార్ట్ రిబ్ (గొడ్డు పక్కటెముక మాంసం) పదేపదే కనిపిస్తాయి. గంటల తరబడి సన్నసెగ మీద ఉడికే షార్ట్ రిబ్, డక్ కాన్ఫీ (కొవ్వులో నెమ్మదిగా వండిన బాతు) లాంటివి ఎంత రద్దీలోనైనా రుచి చెడవు, ముందే వండి ఉంచినా వాటికి నష్టం లేదు. ఇటాలియన్ అన్నం వంటకం రిసోటో అలా కాదు. చాలా వంటగదుల్లో బియ్యం సగం ఉడికించి పళ్లేల్లో ఆరబెట్టి, ఆర్డరు రాగానే పూర్తి చేస్తారు. హడావిడిలో ముద్దయినా అవుతుంది, పలుకైనా మిగులుతుంది. స్టేక్ పక్కన చిన్న అక్షరాల్లో '+15' అని ఉంటే ఆ డబ్బు అదనం, దాని మీద టాక్స్, టిప్ కూడా.

శాకాహారులు 'వెజిటేరియన్' అన్న గుర్తు చూసి ఆగిపోకూడదు. రిసోటో, సూపుల్లో చికెన్ స్టాక్ (కోడి ఉడికించిన నీళ్లు) ఉండొచ్చు. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో ఆంచోవీ చేప వేస్తారు. పన్నా కోటా అనే డెజర్ట్ గట్టిపడేది మామూలుగా జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్‌తో. అసలైన పార్మిజానో రెజ్జానో చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసిన, పాలను విరగ్గొట్టే రెనెట్ ఉంటుంది. టేబుల్ దగ్గర కూర్చున్నాక అడిగితే సర్వర్ వంటగదికి వెళ్లి కనుక్కొని రావాలి, రద్దీలో తొందరపాటు జవాబే వస్తుంది. రిజర్వేషన్ చేసేటప్పుడే నోట్స్‌లో రాయండి, ముందు రోజు మధ్యాహ్నం ఫోన్ చేసి మళ్లీ అడగండి.

పేరుకి 'వీక్' గాని, చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి కొన్ని వారాలు నడుస్తుంది. హోటళ్లకు బేరం తగ్గే రోజులవి. శనివారం సాధారణంగా ఉండదు, ఆదివారం హోటల్ ఇష్టం. ఏ పూట ఉందో, లంచా డిన్నరా, ఒక్కో హోటల్‌కి వేరు కాబట్టి తేదీ కన్నా ముందు అది చూసుకోండి. మంగళ, బుధవారాల్లో సాయంత్రం 5:30కి వెళితే వంటగది ఇంకా తెరిపిగానే ఉంటుంది. ఏడున్నరకు వెళితే గంటన్నరలో టేబుల్ ఖాళీ చేయమనే అవకాశం ఎక్కువ. చాలాచోట్ల కార్డు నంబరు తీసుకుంటారు, ఎన్ని గంటల ముందు రద్దు చేస్తే జరిమానా పడదో బుక్ చేసేటప్పుడే చదవండి.

మీ ఇద్దరి విషయానికి వస్తే, మాంసాహారి ఫిక్స్‌డ్ మెనూ తీసుకోవడం, శాకాహారి మామూలు మెనూలో నుంచి ఒక ఎంట్రే మాత్రమే చెప్పడం అన్నిటికన్నా లాభం. చాలా హోటళ్లు దీనికి ఒప్పుకుంటాయి, కొన్ని మాత్రం టేబుల్ మొత్తం ఒకే మెనూ తీసుకోవాలంటాయి. ఫోన్‌లో అడగాల్సిన రెండో ప్రశ్న ఇదే. కాదంటే ఆ హోటల్‌లో డిన్నర్ మానేసి, 30 డాలర్ల లంచ్ ఉందేమో చూడండి. టాక్స్, 20 శాతం టిప్ కలిపి మనిషికి 38.66 అవుతుంది.